ముడతల రంగు

వెనక గుమ్మం పక్కన ఆ నీలం పీపా ఉన్నంతకాలం ఎడ్నా ఆ తలుపు తియ్యడమే మానుకుంది. పశువుల దాణాలో వేసే చెరకు మడ్డిని నీళ్ళలో కలిపి, తుప్పు పట్టిన సామాను అందులో నానేస్తే తుప్పంతా ఊడి వస్తుందని సిరిల్‌కి కారు క్లబ్బులో ఎవరో చెప్పారు. తుప్పు సంగతి ఏమో గాని పీపా మాత్రం పులిసింది. మీద గోధుమరంగు నురగ, నురగలో చచ్చిన కందిరీగలు, గాలి ఇటు తిరిగితే కడుపులో దేవే కంపు. సిరిల్ అందులో మోచేతి దాకా చెయ్యి పెట్టి బ్రేకు డ్రమ్ము పైకి తీసి, జిడ్డు కారుతుండగా ఎత్తి చూపించి, "చూడు బాతూ, పెళ్ళికూతురిలా ఉంది" అన్నాడు. ముద్దొస్తే పెళ్ళాన్ని బాతూ అనడం కొవెంట్రీ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఉన్నదే. ఎడ్నా ముక్కుకి ఏప్రన్ అడ్డం పెట్టుకుని, ఆ పెళ్ళికూతురిని నువ్వే ఏలుకో అని లోపలికి పోయింది.

సిరిల్ చిన్నప్పటి నుంచి కార్ల ఫ్యాక్టరీలో గేరుపెట్టెలు బిగించినవాడు. జీవితమంతా పరాయివాళ్ళ కార్లకు బిగించి బిగించి, పని మానేసిన మర్నాడే తన కారు తను కట్టుకుంటానని గ్యారేజీ తలుపు తీశాడు. తను నిక్కరు వేసుకున్న రోజుల్లో జమీందార్ల కొడుకులు పందేల్లో తోలిన రకం కావాలిట. పొడుగాటి ముక్కు, పైన కప్పు లేదు, ఇద్దరికే చోటు. చూడ్డానికి పాతది, గుండె కొత్తది. పాత సామాను దుకాణంలో ఏ పెద్ద దొరదో ముద్దయిపోయిన కారు ఉంటే, అందులోంచి ఎనిమిది సిలిండర్ల ఇంజను ఊడదీయించి తెచ్చాడు. చట్రం తనే అతికాడు. అల్యూమినియం రేకుని ఇసక సంచి మీద పెట్టి కొట్టి కొట్టి బండి ఒంటి వంపులన్నీ తనే తీశాడు. చేతిలో పనితనం లేదని ఎడ్నా ఏనాడూ అనలేదు. మొదట్లో రోజూ టీ పట్టుకెళ్ళి, కాసేపు నిలబడి, బాగుందని చెప్పి వచ్చేది.

అయితే గ్యారేజీ గ్యారేజీలో ఉండలేదు. నడుచుకుంటూ ఇంట్లోకి వచ్చేసింది. చలికి ఇనుము ముడుచుకుంటుంది, అప్పుడు సుళువుగా దూరుతుందని బేరింగులు తెచ్చి ఫ్రీజర్లో బఠాణీల సంచిలో పెట్టాడు. ఆ బఠాణీలు ఉడికిస్తే మిషను నూనె తేలింది. కార్బురేటర్ని గిన్నెలు తోమే తొట్టిలో, గిన్నెలు తోమే కుంచెతోనే కడిగాడు. స్నానాల తొట్టిలో చక్రాల సామాను నానేస్తే తొట్టి చుట్టూ నల్లటి వలయం పడింది, ఎంత తోమినా పోలేదు, పోదు కూడా. ఎవరి పశువుల కొట్టంలోంచో పాత తోలు సీటు తెచ్చి ముందుగదిలో తివాచీ మీద పెట్టి దులిపితే ఎలుక గూడు రాలింది. అందులో కళ్ళు తెరవని పిల్లలు, ఎండిపోయి, వేరుశనగ గింజల్లా. సిరిల్ వాటిని అట్టముక్కతో ఎత్తి, అదే చేత్తో బల్ల మీది రొట్టె అందుకున్నాడు. తెల్ల రొట్టె మీద అయిదు వేళ్ళ నల్ల ముద్రలు. ఎడ్నా తన పళ్ళెం పక్కకి తోసేసింది. ఆయన మాత్రం ముద్రలతో సహా తినేశాడు.

ఇవన్నీ తిడుతూనే భరించింది. ఒక్కదాని దగ్గర మాత్రం గీత గీసింది, ఓవెన్ దగ్గర.

ఎందుకంటే ఆ ఊళ్ళో ఏటా సెప్టెంబరులో కూరగాయలకీ పూలకీ జాములకీ కేకులకీ పోటీ పెడతారు. అందులో స్పాంజి కేకుకి ఒక కప్పు ఉంది. పెద్ద గొప్పదేం కాదు, వెండి పూత. కింద చెక్క దిమ్మకి చిన్న చిన్న రేకులు కొట్టి గెలిచినవాళ్ళ పేర్లు చెక్కిస్తారు. ఆ రేకుల్లో ఎడ్నా పేరే ఎక్కువ. బడి మధ్యలో మానేసి చాకిరేవు మిషన్ల దగ్గర పనికి కుదిరిన మనిషి ఆమె. ఇంటి దస్తావేజు సిరిల్ పేర, కారు సిరిల్ పేర, టెలిఫోను పుస్తకంలో పేరు సిరిల్‌ది. లోకంలో ఎక్కడైనా ఎడ్నా అని చెక్కి ఉందంటే ఆ చెక్క దిమ్మ మీదే. గుడ్లు పెంకుతో తూచి, అంతే తూకం వెన్న, అంతే పంచదార, అంతే పిండి. రెండు పొరల మధ్య రాస్ప్‌బెర్రీ జాము తప్ప ఇంకేం పెట్టకూడదు. పైభాగాన చల్లారబెట్టే కమ్మీల గీతలు పడకూడదు. ఇవన్నీ ఆమెకు వాళ్ళమ్మ చేతి నుంచి వచ్చినవి. అందుకే సిరిల్ చేత ఓవెన్ పిడి పట్టించి, దాని జోలికి రానని ఒట్టు వేయించుకుంది. ఆయన కూడా తన తల్లి మీదే వేశాడు.

పోటీకి ముందురోజు ఎడ్నా లెమింగ్టన్‌లో అక్కగారిని చూసి సాయంత్రం బస్సు దిగింది. ఇంట్లో కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి, చలిగాలి ఈ చివర నుంచి ఆ చివరకి కొడుతోంది. సిరిల్ ఏప్రన్ కట్టుకుని వంటింటి బల్ల తుడుస్తున్నాడు. ఏమిటి విశేషం అంటే, రొట్టె మాడింది, పొగ పోవాలని తీశానన్నాడు. మొగుడు బల్ల తుడవడమే ఎడ్నా ఎరగదు కనక, ఆ సంతోషంలో ఇంకేమీ అడగలేదు. వాసన సంగతి అంటారా, పీపా, పెట్రోలు, కిరసనాయిలు, గ్రీజు, అన్నిటి మధ్యా అన్ని నెలలు బతికిన ముక్కు అది. దానికి ఇంక కొత్త కంపేదో పాత కంపేదో తెలియడం మానేసింది. మర్నాడు పొద్దున్నే కేకు కాల్చింది. పొంగడం అంటే అదే పొంగడం, రంగు అంటే అదే రంగు. పళ్ళెంలో పెట్టి, పైన సన్న పంచదార చల్లి, మంత్రసాని పసిబిడ్డని పట్టుకున్నట్టు హాలుకి పట్టుకెళ్ళింది.

న్యాయనిర్ణేత పొరుగూరి ఆవిడ. కత్తితో ముక్క కోసి నోట్లో పెట్టుకుంది. రెండు క్షణాలు మొహం కదల్లేదు. తరవాత చేతిసంచిలోంచి రుమాలు తీసి అందులో ఉమ్మేసింది. కేకు పక్కన కార్డు పెట్టి వెళ్ళింది. దాని మీద రాసిందిదీ: *చూడచక్కగా ఉంది. తినదగినది కాదు.*

హాల్లో అందరూ ఆ కార్డు చదివారు. కావాలనే రెండుసార్లు అటువైపు నడిచినవాళ్ళూ ఉన్నారు. మహిళా సంఘం కార్యదర్శి మురియెల్ వంగి వాసన చూసింది. ఆవిడ మొగుడు నార్మన్ కార్ల క్లబ్బుకి అధ్యక్షుడు, గ్యారేజీ వాసనలు ఆవిడకి కొత్త కావు. తలెత్తి, ఎడ్నా పక్కన టీ కప్పుతో నిలబడ్డ సిరిల్ని తిన్నగా అడిగేసింది.

"ఏం సిరిల్, నీ కారు సామాను గానీ ఆ ఓవెన్లో పెట్టావా?"

సిరిల్ నవ్వాడు. "నేనా? ఓవెన్లోనా? అమ్మో, నన్ను బతకనిస్తుందా ఈవిడ. వెన్న గిన్నె తీసుకెళ్ళి కిప్పర్ల పక్కన పెట్టింది మురియెల్ గారూ. చెప్తూనే ఉన్నాను, వెన్న వాసన పీల్చేస్తుందే అని. వింటేగా."

కిప్పర్లంటే పొగబెట్టిన చేపలు. ఆ వారమంతా ఇంట్లో కిప్పర్లే లేవు. ఎడ్నా మొగుడి మొహంలోకి చూసింది. ఆయన టీ తాగుతున్నాడు.

మర్నాడు ఓవెన్ అర బయటికి లాగి తోముతుంటే కమ్మీకి అడుగున నల్లటి బొట్టు ఒకటి తగిలింది. గోటితో గీకి చేతిలో వేసుకుంది. గట్టిగా ఉంది, ఒళ్ళంతా ముడతలు ముడతలుగా. అలాంటి రంగు ఎక్కడుందో ఆమెకు తెలుసు. గ్యారేజీలో కొత్త గుడ్డ మీద పెట్టి ఉన్నాయి, ఇంజను తల మీద బోర్లించే రెండు పొడుగాటి మూతలు. నల్లగా, ఏనుగు తోలులా ముడతలు తేలి. ఆ బొట్టు తీసుకెళ్ళి సిరిల్ ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురుకి తిప్పి చూశాడు.

"ముడతలు భలే వచ్చాయి కదా," అన్నాడు.

ఎడ్నా ఆ బొట్టు మళ్ళీ తన చేతిలోకి తీసుకుంది. నిన్నేమీ అనను, ఒక్కటే అడుగుతాను అంది.

"మురియెల్ దగ్గరికెళ్ళి చెప్పు. ఎడ్నా తప్పు లేదు, ఓవెన్లో నేనే రంగు కాల్చానని చెప్పు. అంతే."

"చెప్తాలే. బండి అవ్వనీ. ఇప్పుడు చెప్తే క్లబ్బులో నన్ను చూసి నవ్వుతారు."

"నన్ను చూసి నవ్వుతున్నారుగా."

"నీది కేకేగా బాతూ."

తనే వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారేమో. ఆ ఆలోచన ఆమెకూ వచ్చింది. కోటు తొడుక్కుని గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది కూడా. తను చెబితే సాకు అంటారు. ఆయన చెబితేనే అది నిజం అవుతుంది. అబద్ధం ఆయన నోట్లోంచి అందరి ముందూ వచ్చింది, నిజమూ అక్కణ్ణించే రావాలి.

చలికాలం వచ్చింది. సంఘంలో ఎవరేం చేసి తేవాలో పంచుకునేటప్పుడు మురియెల్ ఎంతో ప్రేమగా, "ఈసారి నువ్వు కప్పులు కడుగుదువుగానిలే ఎడ్నా, శ్రమెందుకు" అంది. ఎడ్నా కప్పులు కడిగింది. మళ్ళీసారీ కప్పులే. చేపల బండివాడు ఏ పాపం ఎరగకుండా, ఇవాళ కిప్పర్లు బాగున్నాయమ్మా అన్నా, వెనక వరసలో ఎవరో కిసుక్కుమనేవారు. ఓవెన్ని సోడాతో తోమింది, వెనిగర్‌తో తోమింది, నిమ్మచెక్కలు పెట్టి మరిగించింది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండేది. వేడెక్కితే చాలు, ఆ కంపు ఇనుములోంచి చెమటలా బయటికి వచ్చేది. ఇప్పుడు ఆమె ముక్కుకి కూడా తెలుస్తోంది. అదొక్కటే తెలుస్తోంది. రొట్టె నోట్లో పెట్టుకున్నా, టీ తాగినా, సిరిల్ దగ్గరికి వచ్చినా అదే. రాత్రి పక్కన పడుకుంటే గోడ వైపు తిరిగి పడుకునేది.

వసంతంలో బండి సిద్ధమైంది. మొదటిసారి ఇంజను పలికించే రోజున క్లబ్బంతా వస్తుంది, నార్మన్ వస్తాడు, మురియెల్ కూడా వస్తుంది, టీకి ఏదైనా చెయ్యి బాతూ అన్నాడు సిరిల్. స్పాంజి కేకు చెయ్యనా అని ఎడ్నా అడిగింది. చెయ్యి చెయ్యి, నీ స్పాంజికి తిరుగేముంది అన్నాడు, ఏమీ జరగనట్టు. మనిషి అంత తేలిగ్గా మరిచిపోగలడా అనుకుంది ఆమె. తరవాత గుడ్లు తూచింది. వెన్న తూచింది. ఏదీ తక్కువ చెయ్యలేదు, ఏదీ పాడు చెయ్యలేదు. అదే ఓవెన్ వెలిగించింది.

గ్యారేజీ ముందు తెల్లగుడ్డ పరిచిన బల్ల వేసి, కేకు కోసి అందరికీ పళ్ళేలు అందించింది. మొదటి ముక్క కొరికిన పెద్దమనిషి నమలడం ఆపి, కళ్ళతో ఉమ్మడానికి చోటు వెతుక్కున్నాడు. ఇంకొకాయన టీతో గుటక వేశాడు. మర్యాద తెలిసిన జనం, ఎవరూ నోరెత్తలేదు. సిరిల్ మాత్రం గమనించి, గొంతు సవరించుకుని, మా ఆవిడకి ఈ ఫ్రిజ్జు సర్దడం అనేది ఎప్పటికీ, అని మొదలుపెట్టబోయాడు. ఇంతలో నార్మన్ ఇంజను మీదికి వంగి ఈల వేశాడు.

"ఒరేయ్ సిరిల్, ఈ మూతలు ఎవరి చేత చేయించావురా? ముడత ఇంత సమంగా రావడం నేనెప్పుడూ చూళ్ళేదు. మా గ్యారేజీ చలికి నాది సగం ముడుచుకుని సగం కారిపోతుంది."

మనుషులు సిగ్గుతో దాచుకున్నదాన్ని గర్వం ఎంత సులువుగా బయటికి లాగుతుందో చూడండి. సిరిల్ ఛాతీ ఇంత అయింది.

"చేయించడమేంట్రా, నేనే చేశా. కిటుకంతా వేడిలో ఉంది. మందంగా రెండు పూతలు వేసి ఓవెన్లో పెట్టాలి. మంట బాగా తగ్గించి, గంటసేపు. తలుపు కాస్త తీసే ఉంచాలి. మధ్య అరలో పక్కపక్కనే పెడితే రెండిటికీ ఒకేలా తగుల్తుంది."

"ఏ ఓవెన్లోరా?"

"మా ఓవెన్లోనే. ఎడ్నా వాళ్ళక్కని చూడ్డానికి వెళ్ళిన రోజు, పోటీకి ముందు..."

అక్కడ ఆగాడు. ఆగినా లాభం లేకపోయింది. మగవాళ్ళందరూ తమ చేతుల్లోని పళ్ళేల వైపు చూసుకున్నారు. మురియెల్ తన ముక్క ఎత్తి వాసన చూసి, మళ్ళీ పళ్ళెంలో పెట్టింది.

"మూతలు మధ్య అరలో పెట్టావు. మరి కిప్పర్లు పై అరలో పెట్టావా సిరిల్?"

ఎవరో దగ్గారు. సిరిల్ చెవులు కందగడ్డల్లా అయ్యాయి. ఎడ్నా టీ కెటిల్ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. అందరూ వింటుండగా ఇప్పుడొక్క మాట, నాదే తప్పు, ఎడ్నాది కాదు, అంటే సరిపోయేది. ఆమె ఎదురు చూసింది కూడా. ఆయన గబగబా వెళ్ళి కారులో కూర్చుని మీట నొక్కాడు.

ఆ మోత విన్నవాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు. గ్యారేజీ రేకులు వణికాయి, పక్కింటి కుక్క మంచం కిందికి దూరింది. బండి పక్కల పొగగొట్టాల్లోంచి ఒక్కసారిగా ఎగదన్నిన మసి తెల్లగుడ్డ మీదా, టీ కప్పుల మీదా, మిగిలిన కేకు మీదా నల్లగా పడింది. నార్మన్ టోపీ తీసి గాల్లోకి ఎగరేశాడు. మగవాళ్ళందరూ కేరింతలు కొట్టారు, ఓవెన్ సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఒకాయన ఇదే అదనుగా తన ముక్కని పూలకుండీలో వేసేశాడు.

మురియెల్ వంటింట్లోకి వచ్చి ఎడ్నా చెయ్యి పట్టుకుంది. క్షమించమంది, సంఘంలో అందరికీ తనే చెబుతానంది. ఎడ్నా వద్దంది. ఆయన నోటితోనే చెప్పాలి, లేదా ఆయన చేత్తోనే రాయాలి అంది. రాత్రి సిరిల్‌తో కూడా ఆ మాటే చెప్పింది. కార్ల ప్రదర్శనల్లో ప్రతి బండి ముందూ ఒక పలక నిలబెడతారు కదా, ఇంజను ఎక్కడిది, రేకు ఎవరు కొట్టారు, రంగు ఎవరు వేశారు అని. ఆ పలకలో ఆఖరి వరస నేను చెప్పినట్టు రాయాలి, రాయకపోతే నీ తిండి నువ్వే వండుకోవాలి, అదీ ఆ ఓవెన్లోనే, అంది. సిరిల్ గొణుక్కుంటూనే రాశాడు. అక్షరాలు మాత్రం ముత్యాల్లా రాశాడు: *మూతల రంగు కాల్చినది ఎడ్నా కేకుల ఓవెన్లో, ఆమెకు చెప్పకుండా.*

వేసవిలో పెద్ద బంగళా తోటలో ప్రదర్శన జరిగింది. ఊరంతా వచ్చింది. ముదురాకుపచ్చ బండి గడ్డి మీద మెరిసిపోతోంది. జనం ముందు బండిని చూసేవారు, తరవాత పలక చదివేవారు, ఆఖరి వరస దగ్గర ఆగి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు. సంఘం ఆడవాళ్ళు వచ్చి చదివి, ఎడ్నా భుజం తట్టి, సెప్టెంబరులో నీ కేకు ఉండాల్సిందే అని వెళ్ళారు. అబ్బ, ఎన్నాళ్ళకు ఊపిరాడింది అనుకుంటూ ఆమె టీ తెచ్చుకోవడానికి డేరా దాకా వెళ్ళి వచ్చింది.

వచ్చేసరికి బండి చుట్టూ గుంపు. మధ్యలో సిరిల్, చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. నవ్వులే నవ్వులు. ఎడ్నా వెనక నిలబడి విన్నది.

"...న్యాయనిర్ణేత రుమాల్లో ఉమ్మేసిందండీ. నేను చెప్పబోయాను, తప్పు నాది అని. ఈవిడ వింటేగా. కాదు కాదు, కిప్పర్ల వాసనే అని తనే అందరికీ చెప్పేసింది పాపం. నా పరువు కాపాడాలని."

అయ్యో, ఎంత మంచి ఇల్లాలు అన్నారెవరో. పొట్టలు పట్టుకు నవ్వుతున్నారు. ఆయన మొహంలో సిగ్గు లేదు, భయం లేదు. తన మాట తనే నమ్మేశాడు, అంతే. ఇంకో రెండు ప్రదర్శనలు పోతే ఊరంతా నమ్మేస్తుంది. ఎడ్నా నోట్లో టీ ఆ రంగు కంపు కొట్టింది. మింగలేక గడ్డిలో ఉమ్మేసింది.

సిరిల్ ఆమెను చూశాడు. కారు పక్క తలుపు తీసి, పెళ్ళినాడు కూడా పట్టనంత మర్యాదగా పట్టుకుని, "రా బాతూ, నీ సీటు ఇది. తోట చుట్టూ ఒక్క తిప్పు తిప్పుతాను," అన్నాడు. గుంపు దారి ఇచ్చింది. అందరూ ఆమె ఏమంటుందా అని చూస్తున్నారు.

ఎడ్నా దగ్గరికి వెళ్ళింది. ఎలుకలు గూడు కట్టిన ఆ సీటుకి ఇప్పుడు కొత్త తోలు. పొడుగాటి ముక్కు, అద్దంలాంటి రంగు, తెరిచిన బోనెట్టు కింద నల్లగా, సమంగా ముడతలు తేలిన రెండు మూతలు. తీరిగ్గా అన్నీ చూసింది.

"చూడచక్కగా ఉంది," అంది.

జనం చప్పట్లు కొట్టారు. న్యాయనిర్ణేత కార్డు మీది రెండో మాట ఆ గుంపులో సిరిల్‌కి గుర్తొచ్చింది, మురియెల్‌కి గుర్తొచ్చింది. సిరిల్ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది, నవ్వు మొహం మీదే ఆరిపోయింది. ఎడ్నా మిగిలిన టీ గడ్డి మీద పారబోసి, కప్పు తీసుకెళ్ళి డేరాలో ఇచ్చేసి, గేటు బయట బస్సు ఆగే చోటికి నడిచింది.